మళ్ళీ రమ్మంటే రాని తప్పు

1993 సెప్టెంబరు 20. అప్పట్లో నెల్లూరు జిల్లాలోనే ఉన్న శ్రీహరికోట నుంచి తొలి పీఎస్‌ఎల్‌వీ నిప్పులు కక్కుతూ లేచింది. 44 మీటర్ల రాకెట్టు, దాని తలలో ఐఆర్‌ఎస్-1ఇ ఉపగ్రహం. మొదటి దశ బాగానే మండింది, రెండోదీ మండింది. రెండో దశ విడిపోయి మూడోది అందుకోవాల్సిన చోట రాకెట్టు అనుకున్నదానికన్నా గట్టిగా ఊగింది. దాన్ని సర్దడానికి లోపలి కంప్యూటరు లెక్క కట్టింది. వచ్చిన అంకె దానికి కేటాయించిన చోట పట్టలేదు. ఉపగ్రహం కక్ష్య చేరలేదు, రాకెట్టు బంగాళాఖాతంలో పడింది.

పాత స్కూటరు మీటరు 99999 దాటగానే సున్నాలకు తిరిగిపోతుంది కదా, కంప్యూటరు వాళ్ళు ఓవర్‌ఫ్లో అనేది అలాంటిదే. తప్పు ఆ రోజు పుట్టింది కాదు. ప్రోగ్రాములో ముందునుంచీ ఉంది. దాన్ని నిద్రలేపేంత ఊపు అంతకుముందు రాలేదు, అంతే.

ఇలా అదను కోసం కాచుకునే తప్పులు మన ల్యాప్‌టాపుల్లోనూ ఉంటాయి. వాటిలో మహా మొండిది హాట్‌ప్లగ్ దగ్గర పుట్టేది. కంప్యూటరు నడుస్తుండగానే పెన్‌డ్రైవో కెమెరానో గుచ్చడం, పీకడం పేరే హాట్‌ప్లగ్. 1998 ఏప్రిల్ 20న షికాగో ప్రదర్శనలో బిల్ గేట్స్ వేదిక మీద ఉండగా, ఆయన సహచరుడు విండోస్ 98 కంప్యూటరుకు స్కానర్ తగిలించాడు. తెర మొత్తం నీలంగా మారి యంత్రం చచ్చుబడింది, హాలు ఘొల్లున నవ్వింది. గుచ్చితేనే ఇంత గొడవ. పీకడం ఇంకా కష్టం.

ఎందుకో, నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలు చూసినవాళ్ళకు ఇట్టే అర్థమవుతుంది. లీజుదారు మేత వేసే కుర్రాడి చేతికి ఒక చీటీ ఇస్తాడు: ఏడో నంబరు గుంట మనది, ప్రతిసారీ నన్ను అడగొద్దు, నేరుగా వెళ్ళి వెయ్. పని చకచకా సాగుతుంది. మెమరీ మ్యాపింగ్ కూడా ఇంతే. ఆపరేటింగ్ సిస్టమ్ నడిబొడ్డున ఉండే కెర్నల్, పరికరానికి చెందిన మెమరీ చిరునామాను ప్రోగ్రాము చేతికే ఇచ్చేస్తుంది. ఆ తర్వాత చదవడం, రాయడం నేరుగా జరిగిపోతాయి.

ఇప్పుడు లీజు అర్ధాంతరంగా రద్దయింది, గుంట మరొకరి చేతికి పోయింది. కుర్రాడి జేబులో చీటీ మాత్రం అలాగే ఉంది. తెల్లారగానే బస్తా మోసుకెళ్ళి ఏడో గుంటలో గుమ్మరిస్తాడు. అక్కడ పెరుగుతున్నవి వేరేవాళ్ళ రొయ్యలు. వారం తర్వాత ఆ గుంట నీళ్ళు పాడైతే, కొత్త ఆసామి అనుమానం ఈ కుర్రాడి మీదికి పోనేపోదు. కెర్నల్లోనూ అదే తంతు. పరికరం పీకగానే దానికోసం ఉంచిన మెమరీని కెర్నల్ వేరే పనికి ఇచ్చేస్తుంది. పాత చీటీ పట్టుకున్న ప్రోగ్రాము అక్కడే రాస్తుంది. చివరికి సంబంధంలేని ఇంకో ప్రోగ్రాము కూలుతుంది.

ఈ తప్పును పట్టాలంటే, అది మళ్ళీ జరిగేలా చేయడమే అసలు పని. మెకానిక్ వచ్చేసరికి పడవ ఇంజను బుద్ధిగా తిరిగినట్టు, ఈ తప్పు ఇంజనీరు ముందు కనిపించదు. పీకడం, రాయడం రెండూ ఒకే రెప్పపాటులో కలవాలి, నిజానికి రెప్పపాటు కూడా చాలా ఎక్కువే. ఎక్కడ దొరుకుతుందో చూద్దామని మధ్యలో నాలుగు సందేశాలు అచ్చయ్యేలా పెడితే, ఆ కాస్త ఆలస్యానికే తప్పు మాయం.

అందుకే చేత్తో పీకరు. క్యూఈఎంయూ అనే ప్రోగ్రాముతో కంప్యూటరులోనే మరో ఉత్తుత్తి కంప్యూటరు సృష్టించి, దానికి ఉత్తుత్తి పరికరాన్ని ఒక ఆజ్ఞతో తగిలించి, మరో ఆజ్ఞతో ఊడదీస్తారు. రాత్రంతా అదే పని. అప్పటికీ లొంగకపోతే, పరికరాన్ని తొలగించే చోట కావాలనే చిన్న ఆలస్యం పెట్టి ప్రమాదపు సందును వెడల్పు చేస్తారు. 2015లో లైనక్స్ కెర్నల్ 4.0తో వచ్చిన కాసాన్ అనే కాపలాదారు తోడుంటుంది. లీజు ముగిసిన గుంటను వెంటనే ఇంకొకరికి ఇవ్వకుండా ఎండగట్టి కాపలా కాసినట్టు, విడుదలైన మెమరీని అది కొంతసేపు పక్కన ఉంచుతుంది. కెర్నల్ లోపల ఎవరైనా దాన్ని తాకారో, ఆ చోటును ఎవరు తీసుకున్నారు, ఎవరు వదిలేశారు, ఇప్పుడు ఎవరు తాకారు అంటూ మొత్తం చిట్టా విప్పుతుంది.

ఆ చిట్టా దొరికాక మందు తేలికే. పరికరం పోగానే చీటీలన్నీ చించేయాలి. అప్పుడు ప్రోగ్రాము పాత చిరునామాకు వెళ్తే కెర్నల్ బస్ ఎర్రర్ అని గద్దించి ఆపుతుంది. పక్కవాడి గుంట భద్రం.

తప్పును మళ్ళీ రప్పించలేకపోతే ఏమవుతుందో 1997లో నాసా చూసింది. ఆ జులై 4న అంగారకుడిపై దిగిన పాత్‌ఫైండర్ కంప్యూటరు కొద్ది రోజులకే తనంతట తాను రీసెట్ కావడం మొదలెట్టింది. అలాంటి రీసెట్ దిగకముందు భూమ్మీద పరీక్షల్లోనూ కనిపించింది. మళ్ళీ రప్పించబోతే రాలేదు, దాంతో వదిలేశారు. ఈసారి వదల్లేదు. ప్రయోగశాలలోని అచ్చు అలాంటి యంత్రాన్ని నడిపి నడిపి, రీసెట్ అయ్యేదాకా కూర్చున్నారు. కారణం తేలింది: ముఖ్యమైన పనికి కావాల్సిన తాళం తక్కువ ప్రాధాన్యమున్న పని దగ్గర ఇరుక్కుంది. సవరణను భూమి నుంచే పంపారు.

శ్రీహరికోటలోనూ లోపం ఆచూకీ దొరికాక సరిదిద్దారు. 1994 అక్టోబరు 15న రెండో పీఎస్‌ఎల్‌వీ ఐఆర్‌ఎస్-పి2ను కక్ష్యలో పెట్టింది.

మీ కంప్యూటరు ఏదో తగిలించినప్పుడో పీకినప్పుడో బిగుసుకుపోతే, ‘పని చేయడం లేదు’ అని మాత్రం ఫిర్యాదు పంపకండి. ఏది గుచ్చారు, అప్పుడు ఏ ప్రోగ్రాము తెరిచి ఉంది, ఏది ముందు ఏది తర్వాత, ఎన్నిసార్లకు ఒకసారి అలా అవుతోంది, ఈ నాలుగూ వరసగా రాసి పంపండి.