గుండెకు సి.టి. పరీక్ష: ఎవరికి, ఎందుకు?

గుండెజబ్బు పట్టణవాసుల రోగమను తలంపు మన పల్లెలలో ఇంకను కలదు. అది నిజము కాదు. 2003–04లో గోదావరి జిల్లాలలోని 45 గ్రామముల మరణములను పరిశోధకులు పరిశీలింపగా, నూటికి సుమారు 32 మరణములు గుండె, రక్తనాళముల వ్యాధులవలననే సంభవించినట్లు తేలినది. కావున ఈ విషయము పంచాయతీ సభ్యులందరును ఎరుగదగినది.

గుండె కండరమునకు రక్తమును కొనిపోవు నాళములు కరోనరీ ధమనులు. వీని గోడలలో క్రొవ్వు చేరి, కాలక్రమమున సున్నము పేరుకొని, దారి ఇరుకగును. పంటకాలువలో ఒండ్రు మేటవేయుట వంటిదే యిది. సి.టి. యంత్రము ఎక్స్-కిరణములతో ఈ పూడికను చిత్రించి చూపును.

పరీక్ష రెండు విధములు. మొదటిది సున్నపు లెక్క. దీనికి మందు ఎక్కింపనక్కరలేదు. బాధలేనివారిలో లెక్క సున్న యైనచో సమీప సంవత్సరములలో గుండెపోటు భయము చాల తక్కువ. 400 దాటినచో ఎక్కువ. రెండవది రంగుమందును నరములోనికి ఎక్కించి తీయు యాంజియోగ్రాము. సున్నము పట్టని మెత్తని క్రొవ్వును సైతము ఇది చూపును. మూత్రపిండముల జబ్బు గలవారు, గర్భిణులు ముందుగనే వైద్యునకు తెలుపవలెను.

రాబోవు ఆపదను ముందు తెలిసికొన్నంత మాత్రమున ప్రాణము నిలుచునా? స్కాట్లండు దేశమున ఛాతీనొప్పి గల 4,146 మందిని రెండు జట్లుగా విభజించి పరిశీలించిరి. 2018లో ప్రకటింపబడిన ఫలితము ననుసరించి, ఐదేండ్లలో గుండెపోటుగాని హృద్రోగ మరణముగాని మామూలు పరీక్షలు మాత్రమే జరిగిన జట్టులో వేయింటికి 39 మందికి, సి.టి. కూడ జరిగిన జట్టులో 23 మందికి సంభవించినది. ఆపరేషన్లు, స్టెంట్లు రెండు జట్లలోను ఇంచుమించు సమానమే. సి.టి. జరిగినవారిలో ఎక్కువమందికి తగిన మాత్రలు అందినవి. అనగా మేలు చేసినది చిత్రము కాదు. చిత్రము చూచి చేసిన వైద్యము.

ముంబయి రహదారిపైనున్న మూసాపేట ఒకప్పుడు పల్లెయే. నేడు హైటెక్ సిటీ, బాలానగరులలో పనిచేయు గ్రామీణ యువకులు పలువురు అచట కాపురముండి, తల్లిదండ్రులను వైద్యమునకై పిలిపించుకొనుచున్నారు. 2018 నుండి మూసాపేటలో మెట్రోరైలు ఎక్కి, బండి మారకయే పంజగుట్ట చేరి, నిమ్స్ ఆసుపత్రికి పోవచ్చును. ఇట్లు వచ్చువారికి మా మనవి: ముందు వైద్యుని చూడుడు, తరువాతనే యంత్రమును. పాత మందుచీటీలు వెంట తెచ్చుకొనుడు. ఏ బాధయు లేనివారు ప్రకటనలను చూచి డబ్బు వ్యయపరచవలదు.

ఒక హెచ్చరిక. నడచునపుడు వచ్చి, నిలిచినంతనే తగ్గు నొప్పికి పరీక్ష చేయించుకొను వ్యవధి కలదు. కూర్చున్నను తగ్గక, చెమటలు పట్టి, చేతికి లేక దవడకు ప్రాకు నొప్పియైనచో సి.టి. మాట తలపెట్టక వెంటనే 108కు ఫోను చేయవలెను.

పరీక్షానంతరము ఊరు చేరినవారు మాత్రలు మానకుండ, పొగాకు ముట్టకుండ, రక్తపోటు చూపించుకొనుచుండునట్లు హెచ్చరించుట పంచాయతీ సభ్యులు చేయదగిన సేవ. ఇందులకు యంత్రము అక్కరలేదు, శ్రద్ధ చాలును.