అడవుల నడుమ రైలుయాత్ర

ఆఫ్రికా ఖండపు దక్షిణభాగమున విలాసయాత్రలకై నడుచు రైలుబండ్లను గూర్చి మన సోదరీమణులలో పెక్కుమంది వినియే యుందురు. ప్రిటోరియా నుండి కేప్‌టౌనునకు రమారమి 1600 కిలోమీటర్ల దూరము పోవు బండి యొకటి కలదు. దానికి 1946లో 'బ్లూ ట్రెయిన్' అను పేరు వచ్చినది. 1989లో ఆరంభమైన 'రోవోస్ రైల్' అను మరియొకటి ప్రిటోరియా నుండి జింబాబ్వేలోని విక్టోరియా జలపాతము వరకు పోవుచున్నది. అందు పడకగదులు, స్నానపు తొట్లు, అందముగ తీర్చిన భోజనశాలలు ఉన్నవి. చిట్టచివరి పెట్టెకు వెనుకగోడ లేదు. దానికి బదులు వసారా. రాత్రి భోజనమునకు అందరును పండుగదుస్తులు ధరించి రావలయును. ఆ బండికి తొందర లేదు. గంటకు 60 కిలోమీటర్లకు మించి పరుగెత్తదు. హ్వాంగే అభయారణ్యపు టంచున నూరు కిలోమీటర్లకు పైగా ఒక్క మలుపైనను లేని దారిలో అది నెమ్మదిగ సాగిపోవుచుండగా, ప్రయాణికులు వసారాలో కూర్చుండి ఏనుగులు కానవచ్చునేమో యని ఎదురుచూతురు.

ఇట్టి సంగతులు చదివినపుడు, "అది మనకబ్బునా?" యని నిట్టూర్చుట సహజము. స్నానపు తొట్ల మాట మేము చెప్పలేము. కాని కిటికీప్రక్కన కూర్చుండి పొలములు, గుట్టలు, మహానది, మహారణ్యము ఒకటి వెనుక నొకటి కన్నుల ముందు సాగిపోవుట చూచు సుఖము మాత్రము మన యింటి ముంగిటనే యున్నది. పాసింజరు బండిలో దానికగు టిక్కెట్టు వెల ఒకపూట కూరగాయల వెలకు మించదు. పాత కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాలను దక్షిణమునుండి ఉత్తరమునకు చీల్చుకొనిపోవు కాజీపేట–బల్లార్షా రైలుమార్గమే అది.

నిజాము ప్రభుత్వపు ధనముతో కట్టిన దారిపై 1874లో వాడి నుండి సికిందరాబాదునకు బండ్లు నడచినవి. 1889 నాటికి ఆ దారి బెజవాడను చేరినది. కాజీపేటకు ఉత్తరమున మాత్రము చాలకాలము బండ్లు లేవు. కారణము గోదావరి, ఆవల అడవి. తుదకు 1929లో కాజీపేట–బల్లార్షా దారి పూర్తియైనది. రమారమి 235 కిలోమీటర్ల ఈ తునక చేరుటతో మదరాసు నుండి ఢిల్లీకి నేరుగా పోవు మార్గ మేర్పడినది. నేడు దక్షిణదేశమునుండి ఢిల్లీకి పోవు ప్రయాణికులలో వేలమంది ఈ దారినే దాటుచున్నారు. అయినను వారిలో చాలమంది ఇచట రాత్రివేళ నిద్రింతురు. పగటివేళ తలుపు మూసిన చల్లని పెట్టెలలో కూర్చుందురు. మేము చెప్పబోవు యాత్రకు పగటిబండియు, తెరచిన కిటికీయు వలయును.

కాజీపేట విడిచిన కొంతసేపటికి కరీంనగరు సీమ మొదలగును. ఒకదానిపై నొకటి పేర్చినట్లున్న బండరాళ్ల గుట్టలు, వాని నడుమ చెరువులు, చెరువుకట్టలపై తాటిచెట్లు, క్రింద వరిమళ్లు కనబడును. భాద్రపద, ఆశ్వయుజ మాసములలో పట్టాల ప్రక్కనే తంగేడు, గునుగు విరివిగ పూచియుండును. బతుకమ్మను పేర్చు చేతులు గలవారికి ఆ పూలను చూచి ఊరకుండుట కష్టము. జమ్మికుంట ప్రత్తి వ్యాపారమునకు పేరొందినది; కార్తికము వచ్చునప్పటికి చేలన్నియు తెల్లబడును. ఓదెలలో మల్లికార్జునస్వామి కొలువైయున్నాడు. పెద్దపల్లి కూడలి యొద్ద కరీంనగరు మీదుగ నిజామాబాదునకు పోవు దారి చీలును. రామగుండము చేరునప్పటికి పొగగొట్టములు ఆకాశమునంటుచుండును. మన యిండ్లలో వెలుగు దీపములలో కొన్నిటికి విద్యుత్తు ఇచటినుండియే వచ్చుచున్నది.

రామగుండము దాటినపిదప, మంచిర్యాల రాకమునుపు, బండి గోదావరిపై కెక్కును. వంతెన మ్రోగగానే పెట్టెలోని వారందరును కిటికీల వైపునకు జరుగుదురు. పెద్దలు చేతులు జోడింతురు. అమ్మలు పిల్లలచేత నాణెములు విడిపింతురు. ఉత్తరమునకు పోవువారికి ఎడమచేతివైపునుండి కుడిచేతివైపునకు నది పారుచుండును. ఈ నీరే దిగువన మంథని సమీపమున శివారము మొసళ్ల అభయారణ్యమును ఒరసికొని పోవును. 1987లో ఏర్పడిన ఆ అభయారణ్యమున మన మంచినీటి మొసళ్లు ఇసుకతిన్నెలపై ఎండ కాగుచుండును. మరికొంత దిగువన కాళేశ్వరము నొద్ద ప్రాణహిత గోదావరిలో కలియును. వంతెన ఇవతల కరీంనగరు, అవతల ఆదిలాబాదు. 2016లో జిల్లాలు చిన్నవైనవి. అయినను పెద్దలనోట నేటికిని ఆ పాతపేర్లే పలుకుచున్నవి.

మంచిర్యాల మొదలు మందమర్రి, బెల్లంపల్లి వరకు బొగ్గుగనుల సీమ. నల్లని గుట్టలు, బొగ్గుతో నిండిన వాగనులు, కార్మికుల ఇండ్ల వరుసలు కనబడును. బెల్లంపల్లి దాటినపిదప నేల రంగు మారును. టేకు, నల్లమద్ది, తునికి, మోదుగ, ఇప్ప, వెదురు దారికి దగ్గరగ వచ్చును. ఫాల్గునమున ఈ దారిలో పోయినవారికి ఆకులులేని మోదుగుచెట్లు నిండ పూచి అడవి కంటుకొన్న నిప్పువలె కానవచ్చును. వానకాలమున టేకుచెట్ల తలలపై తెల్లని పూగుత్తులు లేచును. జంతువుల మాట చెప్పవలెనన్న, నెమళ్లు, కొండముచ్చులు తరచుగ కంటబడును. ప్రాతఃకాలమున చుక్కలదుప్పి గాని అడవిపంది గాని కనబడిన అదృష్టమే. పులి మాత్రము కనబడదు. కాని అది మనలను చూచుట లేదని చెప్పలేము.

ఎడమవైపున దూరముగ కవ్వాల అడవులున్నవి. 1965లో అభయారణ్యమైన ఆ ప్రదేశము 2012లో పులుల సంరక్షణస్థానమైనది. ఆసిఫాబాదు రోడ్డు స్టేషనులో దిగి ఆ కొండలలోనికి పోయినవారికి గోండుల, కోలాముల గూడెములు ఎదురగును. జోడేఘాటు ఆ కొండలలోనిదే. తమ పోడుభూములకై, అడవికై నిజాము ప్రభుత్వము నెదిరించి 1940లో కుమురం భీము అచట ప్రాణము లర్పించెను. పిమ్మట గిరిజనుల కష్టములు తెలిసికొనుటకు ప్రభుత్వము ఆస్ట్రియా దేశీయుడగు హైమెండార్ఫు పండితుని నియమించినది. ఆయనతో ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్తు గూడ వచ్చి, మార్లవాయి గూడెమున గోండు స్త్రీలనడుమ నివసించెను. ఆమె 1987లో మరణింపగా ఆ గూడెముననే సమాధి చేసిరి. పరదేశము నుండి వచ్చిన స్త్రీ బండి దిగి, కిటికీ కావల నున్నవారిని తనవారిగ చేసికొనెను. మనమో వారికి అరదినపు దూరముననే యుండియు చాలమంది వారి పేరైన నెరుగము.

తరువాతిది కాగజ్‌నగరు. 1938లో స్థాపింపబడిన సిర్పూరు కాగితపు మిల్లువలన ఊరికి ఆ పేరు వచ్చినది. చుట్టునున్న వెదురడవులే ఆ మిల్లు ఇచట వెలయుటకు కారణము. కుడివైపున బెజ్జూరు అడవులు ప్రాణహిత వరకు వ్యాపించియున్నవి. అచట పాలరాపుగుట్ట కొండచరియపై పొడవుముక్కు రాబందులు గూళ్లు కట్టుచున్నట్లు 2013లో కనుగొనిరి. దేశమంతట రాబందులు నశించుచున్న కాలమున ఇది చిన్న విశేషము కాదు. సిర్పూరు దాటి, మాకుడి దాటి బండి మహారాష్ట్రమున ప్రవేశించును. ఆ రాజూరా తాలూకా గూడ 1956 వరకు మన ఆదిలాబాదు జిల్లాలోనిదే. చివరకు వార్ధానది దాటి బల్లార్షా చేరుదుము.

ఇంతవరకు చెప్పినది కిటికీలో కనబడునది. కనబడనిది కొంత చెప్పవలసియున్నది. అది చెప్పకున్న మా వర్ణన సగపుమాటయే యగును.

బల్లార్షాకు ఉత్తరమున చంద్రపురము జిల్లాలో తాడోబా అడవి యున్నది. అచట పులులు వృద్ధిపొంది, చోటు చాలక, వయసువచ్చిన పిల్లలు క్రొత్త నెలవు వెదకుకొనుచు దక్షిణమునకు వచ్చుచున్నవి. నదులు దాటి కాగజ్‌నగరు అడవులకు వచ్చి, కొన్ని అచటనే పిల్లలను కనుచున్నవి. కొన్ని కవ్వాలవైపు పోవుచున్నవి. ఉత్తర దక్షిణములుగ మనదారి. దాని కడ్డముగ వానిదారి. మొదట ఒకటే వరుస పట్టాలుండెను, పిదప రెండైనవి, మూడవ వరుసయు చాలవరకు వేయబడినది. బండ్లవేగము పెరిగినది. పట్టాలు అడవిజంతువుల కెట్టి ఆపద తెచ్చునో చంద్రపురము సీమయే తెలిపినది: 2018 నవంబరులో చిచ్‌పల్లి యొద్ద గోందియా మార్గమున బండిక్రింద పడి మూడు పులిపిల్లలు చచ్చినవి.

అయితే కేవలము పులులకొరకు కన్నీరు విడుచుట గూడ న్యాయము కాదు. 2024 జనవరిలో కాగజ్‌నగరు అడవిలో విషము పెట్టిన పశువును తిని రెండు పులులు మరణించినవి. అదే సంవత్సరము నవంబరులో అదే మండలమున ప్రత్తి ఏరుచున్న ఒక యువతిని పులి చంపినది. కిటికీలోనుండి మనకు ముచ్చటగ కనబడు ఆ తెల్లని చేనులోనికి ప్రతి ఉదయము స్త్రీలే పోవుదురు. వంగి, తల దించుకొని, వెనుక నేమున్నదో చూడక ప్రత్తి ఏరుదురు. 2025 మే నెలాఖరున ప్రభుత్వము ఈ పులులదారిని కుమురం భీము పేర సంరక్షణక్షేత్రముగ ప్రకటించెను. తమ బ్రతుకుతెరువు పోవునని ఆదివాసులు ఆందోళన చేయగా జూలైలో ఆ యుత్తరువును నిలిపివైచెను. పులికి దారి యీయవలయునన్నది న్యాయమే. ఆ దారిలో వ్యవసాయము చేసికొను తల్లికి రక్షణ యీయవలయునన్నదియు న్యాయమే. ఒకదానిని విడిచి రెండవది నిలువదు.

ఇట్టి చిక్కు ఆఫ్రికావారికిని వచ్చినది. నేడు క్రూగరు అభయారణ్యమని పేరొందిన అడవిలోనుండి సెలాటి రైలుమార్గము పోయెడిది. 1923 మొదలు విహారయాత్రల బండ్లు ఆ మార్గమున వచ్చి సాబీ నదివంతెన యొద్ద రాత్రి నిలిచెడివి. ప్రయాణికులు జంతువులను చూచి సంతసించి ఇండ్లకుపోయి చెప్పుకొనిరి. అడవిని కాపాడవలెనను ప్రజాభిప్రాయము అట్లు బలపడి, 1926లో ఆ అభయారణ్య మేర్పడుటకు తోడ్పడినది. కాని కాలక్రమమున ఆ బండ్లే జంతువులను చంపుచుండుటచే దారిని అడవి వెలుపలికి మరల్చిరి. 1973లో కడపటి బండి నడచినది. ఇపుడా వంతెనపై కదలని రైలుపెట్టెలలో బసగృహము నడుపుచున్నారు.

మన దారి ఢిల్లీ మార్గము. దానిని మరల్చుట జరుగదు. కాని పట్టాలక్రింద జంతువులు నిర్భయముగ దాటునట్లు విశాలమైన కమానుదారులు కట్టవచ్చును. అడవిభాగమున రాత్రివేళ వేగము తగ్గింపవచ్చును. నాగపురము నుండి సివనీకి పోవు రహదారిపై, పెంచ్ అడవి యొద్ద, జంతువులకై తొమ్మిది క్రిందిదారులు కట్టిరి. వానిలో పెద్దది 750 మీటర్ల పొడవుగలది. పులులు, దుప్పులు ఆ దారులలో నడచుట కెమేరాలు చూపినవి. రోడ్డున కుదిరినది పట్టాలకేల కుదరదు?

మనవంతు పనియు కొంత కలదు. బెల్లంపల్లి దాటినపిదప మిగిలిన అన్నము, పండ్లతొక్కలు, ప్లాస్టిక్కు సంచులు కిటికీలోనుండి విసరరాదు. తిండివాసనకు కొండముచ్చులు, పందులు పట్టాలపైకి వచ్చి బండిక్రింద పడుచున్నవి. పిల్లలు ముచ్చటపడి బిస్కట్టు విసరినను, అది ఆ ప్రాణికి మేలు కాదని తల్లులే చెప్పవలయును. ఇంటినుండి ఒక గుడ్డసంచి తీసికొనిపోయి చెత్త నందు వేసికొనిన చాలును. పిల్లలకు స్టేషను పేరుతోపాటు అచటి చెట్టుపేరు, నదిపేరు, గూడెములవారి పేరు చెప్పుట మరియొక పని. పేరెరిగినదానిని బిడ్డలు సులభముగ పాడుచేయరు.

సెలవురోజులలో సోదరీమణులు బంధువులతో ఈ మార్గమున ఒక పగలు ప్రయాణము చేయవలెనని మా కోరిక. పులిహోర, పెరుగన్నము కట్టుకొని, చల్లని నీరు పోసికొని, ఉదయపు బండి ఎక్కుడు. గోదావరికి నమస్కరింపుడు, మోదుగుపూలు చూడుడు. చేలలో వంగి పనిచేయుచున్న స్త్రీ కనబడినపుడు ఆమె క్షేమముగ ఇల్లు చేరవలెనని కోరుకొనుడు. అడవిలో కనబడకయే మనలను దాటిపోవునట్టి ప్రాణి విషయమునను అట్లే కోరుకొనుడు.