ఆల్బట్రాస్ ఆహారయాత్ర

పక్షుల వలస యనగానే మనకు స్ఫురించునది, ఋతువు ననుసరించి ఒక దేశమును వీడి మరియొక దేశమును చేరి, కాలము తీరిన పిమ్మట పుట్టినచోటికి మరలివచ్చు నియతప్రయాణము. కొల్లేటి, పులికాటు తీరవాసులు ఏటేట చూచుచుండునది ఇదియే. కాని గ్రుడ్డు పెట్టి పిల్లను పెంచుటకు మాత్రమే నేలతో సంబంధ ముంచుకొని, తక్కిన జీవితమంతయు సముద్రముపై గడపు పక్షుల విషయమున, వలస యెక్కడ ముగియునో, ఆహారాన్వేషణ మెక్కడ మొదలగునో నిర్ణయించుట సులభము కాదు.

అట్టివానిలో అగ్రగణ్యము సంచార ఆల్బట్రాస్. చాచిన రెక్కల కొనలనడుమ దూరము 3.5 మీటర్ల వరకు ఉండు ఈ పక్షితో తులతూగు రెక్కలుగల పక్షి నేడు భూమిపై మరియొకటి లేదు. మన హిందూమహాసముద్రమే దక్షిణమునకు సాగి సాగి అంటార్కిటికా శీతలజలములను సమీపించుచోట నున్న క్రోజే, కెర్గ్యులెన్ దీవులు దీని జన్మస్థానములలో ముఖ్యమైనవి. దంపతులలో నొకటి ఒంటిగ్రుడ్డును పొదుగుచుండగా రెండవది మేతకై పోవును. పియేర్ జువెంటిన్, హెన్రీ వైమర్స్‌కిర్క్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞులు క్రోజే పక్షులకు ఉపగ్రహసంకేత యంత్రములు కట్టి, 1990లో ప్రకటించిన ఫలితములు విస్మయము గొలుపును: ఒక్క విడత మేతకే అవి 3,600 మొదలు 15,000 కిలోమీటర్ల వరకు తిరిగివచ్చినవి.

ఇంత దూరమేల? దీని ఆహారమగు స్క్విడ్లును, చేపలును, తేలియాడు మృతజంతువులును ఆ విశాలజలరాశిపై ఎక్కడనో ఒకటి, మరెక్కడనో ఒకటిగా చెదరియుండును. పైగా ఈ పక్షి లోతునకు మునుగజాలదు గావున, నీటిపైని దొరకినదే దానికి భోజనము. అట్టి మేతకై రెక్క లాడించుచు పోయినచో తిన్నది దారికే చాలదు. అందుచేత అది గాలినే బలముగా చేసికొన్నది. అలల రాపిడివలన నీటిదాపున గాలి మందముగను, పైకి పోయినకొలది వేగముగను వీచును. పక్షి గాలి కెదురై పైకెగసి, అచట మరలి, గాలితోపాటు అలలమీదికి జారి, తిరిగి ఎగయుచు, రెక్క లాడింపకయే గంటల తరబడి పోవును. అట్లు తేలిపోవునపుడు దాని గుండె విశ్రాంతి వేళకంటె ఎంతో వేగముగా కొట్టుకొనదని కొలిచి చూచినారు.

అది ఏ వేళ తిన్నదియు తెలిసికొను ఉపాయము మరియు చమత్కారమైనది. పక్షిచేత చిన్న ఉష్ణమాపకమును మ్రింగించినచో, చల్లని చేప కడుపున పడగానే వేడిమి చటుక్కున దిగును. ఆ దిగుడే భోజనమునకు సాక్ష్యము. ఇట్టి పరికరములతో 2008లో తేలిన మరొక విశేషము: ఆహారపు వాసన గాలిలో తగిలినపుడు, ఎదురుగాలిలో తెరచాప నడుపు సరంగువలె ఇది అటునిటు వంకలు తిరుగుచు దానిమీదికి పోవును. చూపునకు అందని దూరమున ముక్కే దారి చూపుచున్నదన్నమాట. త్రాగునది ఉప్పునీరే, కన్నులపై నున్న గ్రంథులు అధికలవణమును వడగట్టగా, అది ముక్కు కొననుండి బొట్లుబొట్లుగా జారిపోవును.

పిల్ల ఎగురుటకు ఇంచుమించు తొమ్మిదినెలలు పట్టును గావున, పిల్లను పెంచి పంపిన దంపతులు మరుసటి యేడు గూటికి రావు. ఆ విరామమున క్రోజే పక్షులు చాలవరకు తమ సముద్రభాగమునే అంటిపెట్టుకొనియుండగా, పొరుగుననున్న కెర్గ్యులెన్ పక్షులు పసిఫిక్కునకు పోవును. వానిలో కొన్ని ఆ ఒక్క సంవత్సరములో అంటార్కిటికాను రెండు మూడు మారులు చుట్టి, 1,20,000 కిలోమీటర్లు దాటినవి. ఒకే జాతిలో ఇంత భేదమా!

ఇట్టి ప్రాణి నేడు గాలపు ముల్లునకు బలియగుచున్నది. ట్యూనా మొదలగు చేపలకై ఓడలు పదుల కిలోమీటర్ల త్రాటికి వేలకొలది గాలములు కట్టి విడుచునపుడు, మునిగిపోకముందే ఎరను పట్టబోయిన పక్షి ముల్లు తగిలి, త్రాటితో నీటిలోనికి పోయి ప్రాణము విడుచును. ఉత్తరముగా, వెచ్చని జలములకు మేతకు పోవు ఆడుపక్షులకు ఈ ఆపద మరింత యెక్కువ. నివారణోపాయములు అరుదైనవి కావు: త్రాటిపై రెపరెపలాడు రంగుపట్టీలు కట్టుట, గాలములు వేగముగా మునుగుటకు బరువులు తగిలించుట, రాత్రివేళ విడుచుట. దక్షిణ జార్జియా దీవి జలములలో ఇట్టి నియమములచేత పక్షిమరణములు దాదాపు నిలిచిపోయినవి. ఐనను అచటి పక్షులు ఆ హద్దులు దాటి పోవును. దాటినచోట అంతటి రక్షణ లేదు.

ఓడల రేడారును పసిగట్టు యంత్రములను ఆల్బట్రాసులకే కట్టి చూడగా, అంతర్జాతీయ జలములలో అవి కలిసికొన్న ఓడలలో మూడవవంతునకు పైగా తమ యునికిని తెలుపు సంకేతములను ప్రసారము చేయుటలేదని 2020లో వెల్లడియైనది. మందు తెలిసియుండియు రోగిని చావనిచ్చుట ధర్మము కాదు. ఆ నియమములను మహాసముద్రమంతటను విధిగా అమలు జరుపుట, గాలములు విడుచు దేశములన్నిటి బాధ్యత.