బయటి హార్డ్ డిస్కు మొరాయించినప్పుడు

కంప్యూటరు పెట్టె లోపల ఉండే హార్డ్ డిస్కు వంటిదానినే చిన్న డబ్బాలో అమర్చి, యు.ఎస్.బి. తీగతో బయటి నుంచి కలిపితే అది ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు అవుతుంది. ఇంట్లోని పెళ్ళి ఫోటోలు, దుకాణం లెక్కలు చాలామంది దానిలోనే దాచుకుంటారు. రెండో ప్రతి ఉంచుకునేవారు తక్కువ.

పాత కంప్యూటరుకు దీనిని తగిలించినప్పుడు మీకు ఈ అనుభవం కలిగి ఉండవచ్చు. డిస్కు దీపం వెలుగుతుంది, లోపల 'టిక్ టిక్'మని శబ్దం వస్తుంది, తెరమీద డ్రైవు ఒకసారి కనిపించి మాయమవుతుంది. డిస్కు పాడైపోయిందని వెంటనే నిర్ణయించకండి. తరచుగా లోపం డిస్కులో కాక, దానికి అందే కరెంటులో ఉంటుంది.

ఎందువల్ల? 2.5 అంగుళాల చిన్న డిస్కుకు వేరే అడాప్టరు ఉండదు. యు.ఎస్.బి. తీగే దానికి కరెంటు ఇస్తుంది. 2000లో వచ్చిన యు.ఎస్.బి. 2.0 ప్రమాణం ప్రకారం ఒక పోర్టు 5 వోల్టుల వద్ద 500 మిల్లీ ఆంపియర్లు ఇవ్వాలి. 2008 నాటి యు.ఎస్.బి. 3.0లో ఇది 900. ఆగి ఉన్న ఎడ్లబండిని కదిలించడానికి ఎక్కువ బలం కావాలి, కదిలాక అంత అక్కరలేదు. డిస్కు కూడా అంతే. లోపలి పళ్ళెం నిమిషానికి 5,400 సార్లు తిరిగే వేగం అందుకునే ఆ కొన్ని క్షణాలలో చాలా డిస్కులు 500 మిల్లీ ఆంపియర్లకు మించి కోరతాయి. అది అందకపోతే తిరగబోయి ఆగిపోతాయి. మీరు విన్న టిక్ టిక్ శబ్దం ఇదే కావచ్చు.

కనుక మొదట తీగను కంప్యూటరు వెనుక వైపు పోర్టుకు మార్చండి. ముందు వైపు పోర్టులు పెట్టె లోపల సన్నని తీగలతో మదర్‌బోర్డుకు కలుస్తాయి, అక్కడ కొంత వోల్టేజి తగ్గుతుంది. పొడవాటి తీగ ఉంటే పొట్టిది వాడండి. అయినా ఫలితం లేకపోతే సొంత అడాప్టరు గల యు.ఎస్.బి. హబ్ ద్వారా కలపండి. 3.5 అంగుళాల పెద్ద డిస్కుకు విడి అడాప్టరు ఉంటుంది. దానిని మార్చవలసి వస్తే వోల్టేజి సరిగ్గా అంతే ఉన్నది తీసుకోండి, లేకపోతే డిస్కు కాలిపోగలదు.

కొన్నిసార్లు డిస్కు బాగానే ఉండి, పాత సాఫ్ట్‌వేరు దానిని చదవలేదు. ఉదాహరణకు జి.పి.టి. పద్ధతిలో విభజించిన డిస్కును 32 బిట్ల విండోస్ ఎక్స్‌పి చదవలేదు.

ఇప్పుడు అదే డిస్కును మరొక కొత్త కంప్యూటరుకు కలిపి చూడండి. అక్కడ సక్రమంగా తెరుచుకుంటే వెంటనే ముఖ్యమైన ఫైళ్ళను వేరేచోటికి కాపీ చేయండి, మిగిలిన పరీక్షలు తరువాత. అక్కడ కూడా టిక్ టిక్ మంటే యాంత్రిక లోపం ఉన్నట్లే. ఇక మాటిమాటికీ తగిలించకండి. "ఫార్మాట్ చేయాలా?" అని కంప్యూటరు అడిగితే ఒప్పుకోకండి. చెక్‌డిస్క్ కూడా నడపకండి. అది ఫైళ్ళ పట్టికను సరిచేస్తుందే కాని అరిగిన భాగాన్ని బాగుచేయదు, పైగా బలహీనమైన డిస్కుకు పని పెంచుతుంది. డిస్కును ఫ్రిజ్‌లో పెడితే పనిచేస్తుందని చెప్పేవారూ ఉన్నారు. లోపల చెమ్మ చేరి ఉన్నదీ పోతుంది. సమాచారం విలువైనదైతే డేటా రికవరీ నిపుణులకు చూపించండి. ఖర్చు ఎక్కువే, ముందుగా అడిగి తెలుసుకోండి.

పాఠ్యాంశ ప్రశ్న: ఒక డిస్కు ముందు వైపు పోర్టులో మాయమవుతోంది, వెనుక పోర్టులో చక్కగా పనిచేస్తోంది. లోపం ఎక్కడ ఉన్నదని మీరు భావిస్తారు? కారణం రెండు వాక్యాలలో రాయండి.