పొలంలో బరువులెత్తే, లోడు చేసే యంత్రాల ఎంపిక

ఈ పాఠాన్ని మీరు అమీర్‌పేటలో అద్దె గదిలో కూర్చుని చదువుతుండవచ్చు, లేదా ఊళ్లో కల్లం దగ్గర ధాన్యానికి కాపలా ఉంటూ చదువుతుండవచ్చు. ఎక్కడున్నా, ఇంట్లో చదువుకున్నవారు మీరే అయితే ఒక ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు మీ దగ్గరికి వస్తుంది. ‘హమాలీలు దొరకడం లేదు, ట్రాక్టరుకు ముందు లోడర్ బిగిద్దామా? పక్క ఊళ్లో పాత జేసీబీ అమ్మకానికి ఉందట, తీసుకుందామా?’ ఆ ప్రశ్నకు లెక్క కట్టి జవాబు చెప్పగలగాలన్నదే ఈ భాగం ఉద్దేశం. తప్పు జవాబుకు మూల్యం చిన్నది కాదు. ఏళ్ల తరబడి వాయిదాలు కట్టవలసిన అప్పు ఒకటి, బోల్తాపడిన ట్రాక్టరు కింద పోయే ప్రాణం మరొకటి.

పంజాగుట్ట నుంచి అమీర్‌పేట వైపు వెళ్లేటప్పుడు మెట్రో వంతెనను ఒకసారి తలెత్తి చూడండి. అది అక్కడికక్కడ పోసిన కాంక్రీటు కాదు. యార్డులలో ముందే పోసిన ముక్కలను ట్రెయిలర్లపై తెచ్చి, స్తంభాల మీద నిలిపిన ప్రత్యేక యంత్రంతో ఎత్తి, వరుసగా జోడించి కట్టారు. అమీర్‌పేట మీదుగా 2017 నవంబరులోను, పంజాగుట్ట మీదుగా 2018 సెప్టెంబరులోను రైళ్లు మొదలయ్యాయి. ఎత్తవలసిన ముక్కలు దాదాపు ఒకే ఆకారంలో ఉండేవి, వేల సంఖ్యలో ఉండేవి, ఎత్తవలసిన ఎత్తు ముందే తెలుసు. అందుకే అంత ఖరీదైన, ఒకే పని చేసే యంత్రం గిట్టుబాటయింది.

పొలంలో పరిస్థితి దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఎండాకాలంలో చెరువు మట్టి, తొలకరికి ముందు పశువుల ఎరువు, కోతల తరువాత ధాన్యం బస్తాలు, ఆపైన గడ్డి కట్టలు. ప్రతిదాని బరువు వేరు, ఆకారం వేరు, పని ఉండే రోజులు కొద్ది. కావున పొలం యజమాని ‘ఏ యంత్రం గొప్పది’ అని కాక, ‘నా బరువు ఏది, ఏడాదిలో ఎన్ని గంటలు’ అని మొదట అడగాలి.

బరువును ముందు కొలవండి

లోడర్ బకెట్ పరిమాణాన్ని ఘనపు మీటర్లలో చెబుతారు. కాని యంత్రం మోసేది ఘనపరిమాణాన్ని కాదు, బరువును. తడి చెరువు మట్టి ఒక ఘనపు మీటరు సుమారు 1,700 కిలోలు ఉంటుంది. మాగిన పశువుల ఎరువు దాదాపు 600 కిలోలు. విడి ధాన్యం కూడా సుమారు అంతే. గడ్డి ఇంకా చాలా తేలిక. 0.3 ఘనపు మీటరు బకెట్ తీసుకుంటే అందులో పట్టే ఎరువు 180 కిలోలు, అదే బకెట్‌లో పట్టే తడి మట్టి 510 కిలోలు. ఎరువుకు బాగా పనిచేసిన లోడర్‌తోనే మట్టి ఎత్తబోయి ఇబ్బంది పడేది ఇందుకే. దుకాణంలో ‘ఎంత ఎత్తుతుంది?’ అని అడిగితే ఒక్క అంకె చెబుతారు. ‘ఎంత ఎత్తు వరకు? బకెట్ మధ్యలోనా, మొన దగ్గరా? చట్రం బరువు కలిపా, తీసివేశా?’ అని మీరు తిరిగి అడగాలి.

ధాన్యం బస్తాలకు హార్స్ పవర్ అవసరమా?

2015–16 వ్యవసాయ గణన ప్రకారం తెలంగాణలో సగటు కమతం 1 హెక్టారు, ఆంధ్రప్రదేశ్‌లో 0.94 హెక్టారు. ఒక హెక్టారులో 6 టన్నుల వడ్లు పండాయనుకుందాం. తెలంగాణ కొనుగోలు కేంద్రాల్లో 40 కిలోల బస్తా లెక్కన అవి 150 బస్తాలు. వీటిని నేల మీద నుంచి లారీ తొట్టిలోకి 1.5 మీటర్ల ఎత్తుకు చేర్చాలంటే కావలసిన శక్తి ఎంత?

6,000 × 9.8 × 1.5 = 88,200 జౌళ్లు. అనగా సుమారు 0.025 యూనిట్ల విద్యుత్తు. 75 వాట్ల సీలింగ్ ఫ్యాను 20 నిమిషాలు తిరిగితే అంత కరెంటు ఖర్చవుతుంది.

విద్యార్థులు ఈ జవాబును మొదట నమ్మరు, మళ్లీ చేసి చూస్తారు. మీరూ చేసి చూడండి. ఇక్కడ కొరత శక్తిది కాదు. 150 సార్లు వంగి, బస్తాను వీపు మీదకు తీసుకుని, పలక మీద నడిచి ఎక్కే మనిషి నడుముది. హమాలీ తన శరీరాన్ని కూడా ప్రతిసారీ ఎత్తుకుంటూ పైకి వెళతాడు. ఆ శ్రమ మన లెక్కలో లేనే లేదు. ఈ పనికి 50 హార్స్ పవర్ ట్రాక్టరు లోడర్ పెట్టడమంటే పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే. చిన్న మోటారుతో నడిచే బస్తాల కన్వేయర్, అనగా వాలుగా నిలిపిన బెల్టు, ఇక్కడ సరైన యంత్రం.

దాని పొడవు నిర్ణయించడం సులభం. వాలు 30 డిగ్రీలు మించితే బస్తాలు జారతాయి. సైన్ 30 విలువ సగం కాబట్టి, 3 మీటర్ల ఎత్తున్న వరుసకు చేరాలంటే కనీసం 6 మీటర్ల బెల్టు కావాలి. కొత్త ప్లాస్టిక్ సంచులు గోనె సంచుల కంటే ఎక్కువ జారతాయి. వాటికి వాలు ఇంకా తగ్గించి, బెల్టు పొడవు పెంచాలి. కన్వేయర్ వచ్చినా హమాలీలు ఉంటారు. కింద బస్తా పెట్టేవారు, పైన సర్దేవారు కావాలి. వారి కూలి బస్తా లెక్కన ఉంటుంది గనుక, యంత్రం తెచ్చే ముందు వారితో మాట్లాడి రేటు కుదుర్చుకోవడం మర్యాదే కాక తెలివైన పని కూడా. సగంలో పని ఆగితే, వాన మొదలైతే, తడిసేది మీ వడ్లే.

ట్రాక్టరు ముందు లోడర్: బరువు ఎక్కడికి పోతుంది?

ఈ భాగాన్ని కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకుని చదవండి. 2,000 కిలోల ట్రాక్టరులో ముందు ఇరుసు మీద 800 కిలోలు, వెనుక ఇరుసు మీద 1,200 కిలోలు పడుతున్నాయనుకుందాం. రెండు ఇరుసుల మధ్య దూరం 2 మీటర్లు. దీనికి 400 కిలోల లోడర్ చట్రం బిగించాం. దాని గరిమనాభి ముందు ఇరుసుకు 0.5 మీటరు ముందుంది. బకెట్‌లో 500 కిలోల మట్టి, ముందు ఇరుసుకు 1.4 మీటర్ల ముందుంది.

ముందు ఇరుసును త్రాసు ముల్లుగా భావించండి. చట్రం వల్ల వెనుక ఇరుసు మీద తగ్గే బరువు 400 × 0.5 ÷ 2 = 100 కిలోలు. మట్టి వల్ల తగ్గేది 500 × 1.4 ÷ 2 = 350 కిలోలు. వెనుక మిగిలేది 750 కిలోలు. మొత్తం బరువు 2,900 కనుక మిగిలిన 2,150 కిలోలు ముందు ఇరుసు మీద పడతాయి. 800 మోయవలసిన చోట 2,150!

దీని ఫలితాలు మూడు చోట్ల కనిపిస్తాయి. ముందు ఇరుసు, బేరింగులు, సన్నని ముందు టైర్లు త్వరగా పోతాయి. పవర్ స్టీరింగ్ లేకపోతే చక్రం తిప్పడమే గగనమవుతుంది. మూడవది అసలు ప్రమాదం. మన మామూలు ట్రాక్టర్లలో బ్రేకులు వెనుక చక్రాలకే ఉంటాయి. వెనుక బరువు తగ్గితే బ్రేకు పట్టు కూడా తగ్గుతుంది. చెరువు కట్ట దిగుతూ నిండు బకెట్‌తో బ్రేకు తొక్కినవారికి ఈ వాక్యం వివరించనక్కరలేదు.

దీనికి మందు వెనుక ప్రతిభారం. 300 కిలోల దిమ్మెను వెనుక ఇరుసుకు 1 మీటరు వెనుక తగిలిస్తే, వెనుక ఇరుసుకు కలిసేది 300 × 3 ÷ 2 = 450 కిలోలు. అంటే పోయిన బరువంతా తిరిగి వచ్చింది, వెనుక మళ్లీ 1,200. ముందు మాత్రం 2,150 నుంచి 2,000కే తగ్గింది. బ్రేకు సమస్య తీరింది గాని ఇరుసు సమస్య తీరలేదు. అందువల్ల మట్టి పనికి లోడర్ బిగించాలంటే ముందు ఇరుసు బలంగా ఉండే నాలుగు చక్రాల డ్రైవ్ ట్రాక్టరునే ఎంచుకోవాలని నా అభిప్రాయం. ఎరువుకు, గడ్డికి మాత్రమే అయితే, ప్రతిభారం పెట్టి రెండు చక్రాల డ్రైవ్‌తో నెట్టుకురావచ్చు. 180 కిలోల ఎరువుతో ఇదే లెక్క మీరే చేయండి.

ఇంకొక విషయం పుస్తకాల్లో తరచు దాటవేస్తారు. ట్రాక్టరు ముందు ఇరుసు మధ్యలో ఒక పిన్ను మీద ఊగుతుంది. గతుకుల్లో నాలుగు చక్రాలూ నేలను అంటి ఉండాలని ఆ ఏర్పాటు. దాని వల్ల పక్కకు ఒరిగే విషయంలో ట్రాక్టరు నాలుగు కాళ్ల మంచంలా కాక, ముక్కాలి పీటలా ప్రవర్తిస్తుంది. ముందు వైపు ఆధారం మధ్యలో ఒకటే. ఇరుసు ఊగడం అడ్డు తగిలి ఆగేసరికే ట్రాక్టరు బాగా ఒరిగి ఉంటుంది. బకెట్ పైకెత్తి మలుపు తిప్పితే గరిమనాభి పైకి పోయి ఆ పీట ఇట్టే ఒరుగుతుంది. కదిలేటప్పుడు బకెట్ మోకాలి ఎత్తు దాటకూడదనే నియమానికి కారణం ఇదే.

మిగిలిన యంత్రాలు

బ్యాక్‌హో లోడర్‌ను ఏ కంపెనీదైనా మనవాళ్లు జేసీబీ అనే పిలుస్తారు. ఆ పేరు 1945లో ఇంగ్లండులో కంపెనీ స్థాపించిన జోసెఫ్ సిరిల్ బామ్‌ఫర్డ్ పొడి అక్షరాలు. ముందు పెద్ద బకెట్, వెనుక తవ్వే చేయి, 7 నుంచి 8 టన్నుల బరువు. పంజాగుట్టలో రోడ్డు పక్క పైపుల కోసం తవ్వేది కూడా ఇదే. గట్టి నేలలో దీనికి సాటి లేదు. తడి నల్లరేగడిలోకి దింపితే కూరుకుపోతుంది, లేదా చాళ్లలో నేలను అణచివేసి పోతుంది.

ఫోర్క్‌లిఫ్ట్ గోదాము యంత్రం. చిన్న చక్రాలు, నేలకు దగ్గరగా ఉండే అడుగుభాగం, గట్టి కాంక్రీటు గచ్చు. మిర్చి కోల్డ్ స్టోరేజీల వంటి చోట్ల పనికొస్తుంది, దుక్కిలో అడుగు వేయలేదు. టెలీహ్యాండ్లర్ చేయి సాగదీసి దూరానికి అందిస్తుంది, కాని చేయి సాగే కొద్దీ మోసే బరువు వేగంగా పడిపోతుంది. మన కమతాల్లో ఇది అరుదు. ఉన్నచోట చార్టు చూడకుండా నడపకూడదు. స్కిడ్ స్టీర్ ఉన్నచోటనే తిరుగుతుంది. డెయిరీ, కోళ్ల షెడ్లలో ఇరుకు సందులకు మంచిది, వరి మడికి కాదు.

ఒక తవ్వే యంత్రం, ఎన్ని ట్రాలీలు?

మిషన్ కాకతీయ 2015 మార్చి 12న సదాశివనగర్‌లో మొదలైంది. 46,531 చెరువులను బాగుచేయాలన్నది లక్ష్యం. తవ్విన పూడికమట్టిని రైతులు తమ ఖర్చుతో పొలాలకు తోలుకున్నారు. ఇటువంటి పనిలో యంత్రం ఎంపిక కంటే జోడింపు ముఖ్యం. యంత్రం ఒక ట్రాలీని 6 నిమిషాల్లో నింపుతుంది, ట్రాలీ పొలానికి వెళ్లి దించి రావడానికి 40 నిమిషాలు పడుతుందనుకుందాం. ఒక ట్రాలీ మొత్తం చుట్టు 46 నిమిషాలు. 46 ÷ 6 = 7.7, అంటే 8 ట్రాలీలు ఉంటేనే యంత్రం ఆగకుండా పనిచేస్తుంది. 4 ట్రాలీలే ఉంటే ప్రతి 46 నిమిషాల్లో 22 నిమిషాలు యంత్రం ఊరికే నిలబడుతుంది. గంట అద్దె మాత్రం నడుస్తూనే ఉంటుంది. ట్రాలీలు తక్కువ ఉన్న రైతు పెద్ద యంత్రాన్ని కాక చిన్నదాన్ని మాట్లాడుకోవడమే లాభం, లేదా ఇరుగుపొరుగుతో ట్రాలీలు కలపాలి.

కొనాలా, అద్దెకా?

కింది ధరలు లెక్క నేర్చుకోవడానికి అనుకున్నవి. మీ ఊరి ధరలు వేసుకోండి. లోడర్ ధర రూ. 3,00,000, పదేళ్ల తరువాత అమ్మితే రూ. 60,000. ఏడాదికి తరుగుదల రూ. 24,000. సగటు పెట్టుబడి రూ. 1,80,000 మీద 10 శాతం వడ్డీ రూ. 18,000. బీమా, షెడ్డు వగైరాలకు ధరలో 3 శాతం, రూ. 9,000. యంత్రం కదలకపోయినా పడే ఖర్చు రూ. 51,000. బయట గంట అద్దె రూ. 1,300, సొంతంగా నడిపితే డీజిలు, డ్రైవరు, మరమ్మతులకు రూ. 500. గంటకు మిగిలేది రూ. 800. 51,000 ÷ 800 = 64 గంటలు దాటితేనే కొనడం లాభం.

5 ఎకరాల రైతు ఎకరాకు 4 టన్నుల ఎరువు వేస్తే 20 టన్నులు. 180 కిలోల చొప్పున 111 బకెట్లు, ఒక్కోదానికి 2 నిమిషాలు. నాలుగు గంటలు కూడా నిండవు. 64 ఎక్కడ, 4 ఎక్కడ! ఇరుగుపొరుగు పనులు అద్దెకు చేయగలిగితే తప్ప ఆ రైతు కొనకూడదు. ‘డ్రైవరును పెట్టుకుంటే బయట పని దొరుకుతుంది’ అని అమ్మేవారు చెబుతారు. దొరకవచ్చు. కాని ఊళ్లో అప్పటికే ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి గాని సంతకం చేయవద్దు. 2014–15లో మొదలైన కేంద్ర వ్యవసాయ యాంత్రీకరణ ఉపమిషన్ కింద అద్దె యంత్ర కేంద్రాలకు సాయం ఉంది. పదిమంది రైతులు కలిస్తే 64 గంటలు నిండడం కష్టం కాదు. నడపడం నేర్చుకోవాలనుకునేవారికి అనంతపురం జిల్లా గార్లదిన్నెలో దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది.

అద్దెకు తెచ్చినా కొన్ని జాగ్రత్తలు మీవే. ఎత్తిన బకెట్ కింద ఎవరూ నిలబడకూడదు. బకెట్‌లో మనిషిని ఎక్కించి చెట్టు కొమ్మలు కొట్టించకూడదు. వేలాడే 11 కిలోవోల్టుల తీగల కింద లోడు చేయకూడదు. పని ఆపాక బకెట్ నేల మీద దించి ఉంచాలి. హైడ్రాలిక్ గొట్టంలో సన్నని కారుడు ఉంటే చేతితో తడిమి చూడకూడదు, అధిక పీడనంలోని నూనె చర్మాన్ని చీల్చి లోపలికి పోతుంది. అట్టముక్క పెట్టి చూడండి.

మీరే చేసి చూడండి: ఈసారి ఊరికి వెళ్లినప్పుడు ఒక టేపు తీసుకెళ్లండి. మీ ట్రాలీ అంచు ఎత్తు, మీ ట్రాక్టరు రెండు ఇరుసుల మధ్య దూరం కొలవండి. గత ఏడాది మీ ఇంట్లో ఎత్తిన మట్టి, ఎరువు, బస్తాలు, గడ్డి కట్టల సంఖ్య పెద్దవారిని అడిగి రాయండి. వాటిని గంటల్లోకి మార్చి, మీ ఊరి అద్దె ధరతో పై లెక్కను మళ్లీ వేసి, కాంటాక్ట్ తరగతికి తీసుకురండి.