గట్టు చుట్టూ తిరిగొస్తే వైశాల్యం

బండి ఆత్మకూరు నుంచి ఇంటర్ మొదటి ఏడాది చదివే అమ్మాయి పోస్టుకార్డు రాసింది. మూడు బిందువులిచ్చి త్రిభుజ వైశాల్యం కట్టమంటే, పుస్తకంలోని సూత్రం కాకుండా ‘బూటు లేసు’ పద్ధతిలో చేస్తే మార్కులు వేస్తారా, కోస్తారా అని అడిగింది. కార్డు అంచున ఇరికించి ఇంకో మాట కూడా రాసింది: “భూముల రీసర్వేలో మా చేను నాలుగు మూలల్లో రోవర్ నిలబెట్టి ఎకరాలు, సెంట్లు చెప్పేశారు. టేపు పట్టనే లేదు. అదెలా?”

ఆ రెండు ప్రశ్నలకూ జవాబు ఒకటే. అందుకే ఈ నెల రాద్దామనుకున్న తోకచుక్కను పక్కన పెట్టేశాను.

త్రిభుజం భూమి, ఎత్తు తెలిస్తే వైశాల్యం వాటి లబ్ధంలో సగం. మూడు భుజాలు తెలిస్తే హీరోన్ సూత్రం. మూలల నిరూపకాలు తెలిస్తే నిరూపక జ్యామితి సూత్రం. ఇవన్నీ అందరికీ నోటికొచ్చినవే కాబట్టి నేరుగా లేసు దగ్గరికి వద్దాం.

మూలలు (1, 1), (8, 2), (5, 7) అనుకోండి. వాటిని ఒకదాని కింద ఒకటి రాసి, అడుగున మొదటి మూలను మళ్లీ రాయాలి. బూటుకు లేసు కట్టినట్టు ఐమూలగా గుణించాలి. ఎడమ నుంచి కుడికి దిగే లబ్ధంలోంచి, కుడి నుంచి ఎడమకు దిగే లబ్ధం తీసేయాలి. మొదటి వరస: 1×2 − 8×1 = −6. రెండోది: 8×7 − 5×2 = 46. మూడోది: 5×1 − 1×7 = −2. మొత్తం 38, అందులో సగం 19 చదరపు యూనిట్లు. పుస్తకంలోని సూత్రంలో కుండలీకరణాలు విప్పి చూడండి, ఇవే ఆరు లబ్ధాలు వేరే వరసలో కనిపిస్తాయి. అంటే ఇది వేరే సూత్రమే కాదు.

అసలు అందం ఆ −6, −2లలో ఉంది. వైశాల్యం కడుతుంటే రుణసంఖ్యలెందుకు వచ్చాయి?

మూల బిందువు (0, 0) దగ్గర ఒక వేపచెట్టు ఉందనుకోండి. మన త్రిభుజం కొంచెం అవతల ఉన్న మడి. చెట్టుకు ఎంతైనా సాగే తాడు కట్టి, రెండో కొస పట్టుకుని ఒక మనిషి మడి గట్టు మీద నడుస్తున్నాడు. తాడు నేలను ఊడ్చుకుంటూ పోతుంది. గడియారం ముల్లుకు ఎదురుగా తిరిగితే ఊడ్చిన నేలను కలుపుదాం, ముల్లు తిరిగే వైపే తిరిగితే తీసేద్దాం. మొదటి గట్టు మీద తాడు ముల్లు వైపే తిరిగి 3 యూనిట్లు ఊడుస్తుంది, అది −3. రెండో గట్టు మీద ఎదురు తిరిగి 23 ఊడుస్తుంది. అందులో మడీ ఉంది, చెట్టుకూ మడికీ మధ్యనున్న పరాయి నేలా ఉంది. మూడో గట్టు మీద −1. ఆ పరాయి నేల సరిగ్గా 3 + 1. ఒకసారి కలిసింది, ఒకసారి పోయింది. చివరికి మిగిలింది మడి ఒక్కటే: 19.

ఆ 23ను నమ్మని వాళ్లు గళ్ల కాగితం తీయండి. (0, 0), (8, 2), (5, 7) చుట్టూ 8 పొడవు, 7 ఎత్తు దీర్ఘచతురస్రం గీయండి. దాని వైశాల్యం 56. మూలల్లో మిగిలే మూడు లంబకోణ త్రిభుజాలు 8, 7.5, 17.5. అవి తీసేస్తే 23. నడక దిశ మారిస్తే −19 వస్తుంది. పుస్తకంలో సూత్రానికి అటూ ఇటూ నిలువు గీతలు పెట్టింది అందుకే. అవి పరీక్షలో మర్చిపోకూడదు.

గాస్ పేరుతో చలామణీ అవుతున్నా, 1769లోనే మైస్టర్ అనే జర్మన్ గణితవేత్త ఈ పద్ధతి రాశాడు. అంతకు ముందు వేల ఏళ్లు జనం నేలను కొలిచిన తీరు చూస్తే గుండె గుబేలుమంటుంది. ఈజిప్టులోని ఎడ్ఫూ గుడి గోడల మీద మాన్యం భూముల లెక్కలు చెక్కారు. ఎదురెదురు భుజాల సగటులు తీసి గుణించడం వాళ్ల పద్ధతి. మరి త్రిభుజానికి? నాలుగో భుజం సున్నా అనుకున్నారు! 3, 4, 5 భుజాల త్రిభుజం అసలు వైశాల్యం 6. ఈ లెక్కన, ఏ భుజానికి ఎదురుగా సున్నా పెట్టామన్నదాన్ని బట్టి 6.75, 8, 8.75 అని మూడు జవాబులొస్తాయి, మూడూ ఎక్కువే. మన బ్రహ్మగుప్తుడు 628లో ఇదే పద్ధతి చెప్పాడు కానీ, ఇది స్థూలమేనని ఒప్పుకుని పక్కనే సూక్ష్మ సూత్రాన్నీ ఇచ్చాడు. ఆర్యభటుడు త్రిభుజాన్ని సరిగ్గా చెప్పి, పిరమిడ్ ఘనపరిమాణం దగ్గర తడబడ్డాడు. మూడో వంతు ఉండాల్సిన చోట సగం అన్నాడు. పొలం సగటు పొడవును సగటు వెడల్పుతో గుణించి సెంట్లు తేల్చేవాళ్లు ఈనాటికీ ఉన్నారు. దీర్ఘచతురస్రం కాని ఏ నాలుగు భుజాల మడికైనా అది ఎక్కువే చూపిస్తుంది.

ఇక మార్కుల సంగతి. సరైన సూత్రం, దాని పేరు, ప్రతి మెట్టూ కాగితం మీద ఉంటే పూర్తి మార్కులు వేయాల్సిందే. గణితంలో న్యాయం అదే. ‘ఫలానా సూత్రంతో’ అని ప్రశ్నలోనే ఉంటే మాత్రం దాంతోనే చేయాలి. మార్కులు నిజంగా పోయేది నిరూపకాలిచ్చినప్పుడు హీరోన్ సూత్రం పట్టుకుంటే. మన త్రిభుజం భుజాలు √50, √34, √52. వాటిని 7.1, 5.8, 7.2 అని సవరిస్తే జవాబు 18.95 దగ్గర ఆగుతుంది. అది తప్పే. వర్గమూలాలు తీయకుండా వర్గాలతోనే చేసే దారి ఒకటుంది: 4×50×34లోంచి (50 + 34 − 52) వర్గం తీసేస్తే 5776, దాని వర్గమూలం 76, నాలుగో వంతు 19. భుజాల వర్గాలతోనే నడిచే ఇలాంటి పద్ధతిని 1247లోనే చైనాలో చిన్ జియుషావ్ రాశాడు. ఇది మన పిల్లలకు ఎందుకు చెప్పరో నాకు అర్థం కాదు. పైగా 2022లో భారం తగ్గించే పేరుతో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలోంచి నిరూపకాలతో త్రిభుజ వైశాల్యం కట్టే భాగాన్నే తీసేసింది. బరువు కాని దాన్ని ఏరి మరీ తీసేశారు.

రోవర్ చేసేదీ ఈ గట్టు నడకే. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వేలో అది ఉపగ్రహాల సాయంతో ప్రతి మూల నిరూపకాలూ పట్టుకుంటుంది, మిగతాది ఐమూల గుణకారం. గొలుసు లాగి, చేనును త్రిభుజాలుగా, సమలంబ చతుర్భుజాలుగా కోసి కొలిచిన పాత పద్ధతికీ దీనికీ అదే తేడా. గట్టు ఎన్ని వంకరలు పోయినా మూలకొక వరస పెరుగుతుందంతే.

ఒక్క కిటుకు చెబుతాను తల్లీ, నీకు పరీక్షలోనూ పనికొస్తుంది. వేపచెట్టును ఎక్కడికి జరిపినా మడి వైశాల్యం మారదు. దాన్ని మొదటి మూలకే జరిపెయ్. అంటే అన్ని మూలల్లోంచీ (1, 1) తీసెయ్. (0, 0), (7, 1), (4, 6) మిగులుతాయి. 7×6 − 4×1 = 38, అందులో సగం 19. ఒక్క ఐమూల గుణకారంతో పని అయిపోయింది. మీ చేను నిరూపకాలు మీటర్లలో లక్షల్లో ఉన్నా ఇలాగే మొదటి మూలను తీసేసి, మిగతా మూడు మూలలతో రెండు వరసలు వేసి, మొత్తంలో సగం తీసుకో. వచ్చిన చదరపు మీటర్లను 40.47తో భాగిస్తే సెంట్లు వస్తాయి. పాస్‌బుక్కు తీసి పక్కన పెట్టి చూసుకో.