బెల్లానికి వేలం ఉంది, గ్రాఫిక్స్ కార్డుకి లేదు

మన అనకాపల్లి బెల్లం మార్కెట్లో రైతు ధర చెప్పడు. దిమ్మల దగ్గర వ్యాపారులు వేలం పాడితే ఆ రోజు రేటు తేలుతుంది. హై ఎండ్ గ్రాఫిక్స్ కార్డుల మార్కెట్ దీనికి రివర్స్. అక్కడ అమ్మేది దాదాపు ఒక్కరే, రేటు చెప్పేదీ వాళ్లే.

ఎన్విడియా 2022లో ఆర్‌టీఎక్స్ 4090ని మన దేశంలో రూ.1,55,000కి తెచ్చింది. 2025 జనవరిలో వచ్చిన 5090 ప్రారంభ ధర రూ.2,14,000. ఏఎండీ ఈసారి ఆ రేంజ్‌లో పోటీకే దిగలేదు. జాన్ పెడ్డీ రీసెర్చ్ లెక్కలో 2025 మొదటి మూడు నెలల్లో డెస్క్‌టాప్ కార్డుల మార్కెట్లో ఎన్విడియా వాటా 92 శాతం.

మరి ఎక్కువ తయారుచేసి రేటు తగ్గించొచ్చు కదా? చెరకు సంగతి చూడండి. అదే చెరకు గానుగకెళ్తే బెల్లం, ఫ్యాక్టరీకెళ్తే పంచదార. డబ్బు ఎక్కడొస్తే సరుకు అటే. గేమింగ్ చిప్పులైనా, ఏఐ డేటా సెంటర్ల చిప్పులైనా తయారయ్యేది తైవాన్ కంపెనీ టీఎస్ఎంసీలోనే. 2025 జనవరితో ముగిసిన ఏడాదిలో ఎన్విడియా ఆదాయం 130 బిలియన్ డాలర్లు దాటింది. అందులో గేమింగ్ నుంచి వచ్చింది సుమారు 11 బిలియన్లే. ఇక గేమర్ గోల ఎవరు వింటారు?

గేమ్స్‌కైతే తక్కువ రేటులో ఏఎండీ కార్డు చాలు. మెషీన్ లెర్నింగ్ దగ్గరే చిక్కు. 2007 నుంచి ఉన్న ఎన్విడియా సాఫ్ట్‌వేర్ క్యూడా మీదే చాలా కోడ్ నడుస్తుంది. కార్డు మార్చడం తేలికే, అలవాటైన కోడ్ మార్చడమే కష్టం. ఆ 92 శాతం వెనక అసలు బలం ఇదే.

అందుకే సెమిస్టర్ ప్రాజెక్టు కోసం ఇంట్లో లక్షలు అడగకండి. గూగుల్ కొలాబ్‌లో జీపీయూ కొంతసేపు ఉచితంగానే దొరుకుతుంది. ముందు దాంతో మొదలుపెట్టండి.